ఇజ్రాయెల్ ట్రిప్‌లో సఫేద్‌కి ఒక రోజు కేటాయించవచ్చా? అక్కడ చూడ్డానికి ఏముంది?

కేటాయించండి, కానీ వారం చూసుకుని వెళ్లండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బత్, అంటే యూదులు వారానికోసారి పాటించే విశ్రాంతి దినం. శుక్రవారం మధ్యాహ్నం నుంచే దుకాణాలు, గ్యాలరీలు చాలావరకు మూసేస్తారు, బస్సులు ఉండవు.

గలిలీ కొండల్లో దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరు యూదుల నాలుగు పవిత్ర నగరాల్లో ఒకటి. 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్లగొట్టాక, వాళ్లలో చాలామంది పండితులు తర్వాతి దశాబ్దాల్లో ఇక్కడికి చేరారు. అలా ఇది కబ్బాలా అనే మార్మిక చింతనకు కేంద్రమైంది. ఆ సంప్రదాయాన్నే మలుపు తిప్పిన ఇసాక్ లూరియా ఇక్కడ ఉన్నది 1570 నుంచి 1572లో చనిపోయేదాకా మాత్రమే! ఆయన్ని ‘అరి’ అని పిలుస్తారు; ఆ పేరున్న అష్కెనాజీ అరి సినగాగ్‌ని (యూదుల ప్రార్థనా మందిరాన్ని) తప్పక చూడండి. ఇప్పుడున్న కట్టడం 1837 భూకంపం తర్వాత మళ్లీ కట్టింది.

ఆర్టిస్టుల కాలనీ పక్కనే. 1948 యుద్ధానికి ముందు అది అరబ్బుల పేట, వాళ్లు ఊరు విడిచిపోయాక చిత్రకారులు వచ్చారు. ఈ సంగతి తెలిసి తిరిగితేనే ఆ వీధులు అర్థమవుతాయని నా అభిప్రాయం.

సినగాగుల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, మగవాళ్లకి తలపై టోపీ ఉండాలి. అన్నీ రాతి మెట్లే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కాస్త కష్టం.