అబ్బాయి హెచ్ఐవీ ఔట్‌రీచ్ ఉద్యోగంలో చేరతానంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి అట్లాంటాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) పూర్తి చేశాడు. ఓపీటీ (చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఒక స్వచ్ఛంద సంస్థలో ఔట్‌రీచ్ వర్కర్‌గా చేరతానంటున్నాడు. హెచ్ఐవీ ఉన్న నల్లజాతి, లాటినో గే యువకులను వైద్యానికి చేర్చే పని అట. అంత చదివి ఇదేం ఉద్యోగమని వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. వాడికేమైనా అంటుకుంటుందేమో, రేపు సంబంధాలు వస్తే ఏం చెప్పాలో అని నాకు ఒకటే టెన్షన్. ఆ ఉద్యోగంతో వీసా నిలుస్తుందా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. పక్కన కూర్చుంటే, చేయి కలిపితే, కలిసి తింటే హెచ్ఐవీ రాదు. అతను వేలిపై సూదితో గుచ్చి చేసే పరీక్ష చేయాల్సి వచ్చినా గ్లవ్స్ ఉంటాయి, ఒక సూదిని ఒక్కసారే వాడతారు. పొరపాటున గుచ్చుకున్నా 72 గంటల్లోపు మొదలుపెట్టే నివారణ మందులున్నాయి. ఇంకో మాట. రోజూ మందు వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగికంగా కూడా అది ఇంకొకరికి సోకదు. అందుకే మీ అబ్బాయి చేయబోయే పని అంత విలువైనది. ఒక యువకుణ్ని మందు దాకా తీసుకెళ్తే అతని ప్రాణం నిలుస్తుంది, అతని నుంచి ఇంకొకరికి పాకడమూ ఆగుతుంది.

ఆ పని ఏమిటో వాళ్ల నాన్నగారికి కూడా తెలియాలి. అప్పటి పరిస్థితే కొనసాగితే అమెరికాలో నల్లజాతి గే, బైసెక్సువల్ పురుషుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి, లాటినోల్లో ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో హెచ్ఐవీ నిర్ధారణ అవుతుందని 2016లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ అంచనా వేసింది. వాళ్ల నడవడి అందరికంటే చెడ్డది కావడం వల్ల కాదు. ఇన్సూరెన్స్ ఉండదు, డాక్టరంటే నమ్మకం ఉండదు, ఇంట్లో చెప్పుకోలేరు. పాజిటివ్ అని తెలిసిన రోజుకీ, క్లినిక్ మెట్లెక్కే రోజుకీ మధ్య ఎంతోమంది జారిపోతారు. ఔట్‌రీచ్ వర్కర్ నిలబడేది సరిగ్గా ఆ సందులోనే.

నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి ఇదే పని చేసింది. ఓసారి తన ఫోన్ చూపించింది. "రేపు పదింటికి మన కాఫీ మర్చిపోకు" అని మెసేజ్. కాఫీ అంటే క్లినిక్ అపాయింట్‌మెంట్. ఆ కుర్రాడు అన్నతో కలిసి ఒకే గదిలో ఉంటాడు, ఫోన్ ఎవరి కంట పడుతుందో తెలియదు, అందుకని ఇద్దరూ ముందే అనుకున్న మాట. అతను రెండుసార్లు రాలేదు, మధ్యలో నంబర్ మార్చేశాడు. మూడోసారి ఈ అమ్మాయే బస్ పాస్ పట్టుకుని స్టాప్ దగ్గర నిలబడింది. క్లినిక్‌లో ఫారాలు నింపించింది. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు ర్యాన్ వైట్ పథకం కింద వైద్యం, మందులు అందుతాయని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ర్యాన్ వైట్ ఇండియానాకు చెందిన హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న కుర్రాడు. హెచ్ఐవీ ఉందని బడిలోకి రానివ్వకపోతే పోరాడాడు. 18 ఏళ్లకు 1990లో చనిపోయాడు. అదే ఏడాది అతని పేరుతో చట్టం వచ్చింది.

ఇదంతా మంచి మనసుతో ఊరికే చేసే సేవ అనుకోకండి, పద్ధతి తెలిసిన పని. 2000ల మొదట్లో ఆర్టాస్ అనే అధ్యయనం జరిగింది, అట్లాంటా కూడా అందులో ఉంది. కొందరికి చిరునామా, వివరాలు ఇచ్చి పంపారు. మిగతావాళ్లను ఒక కేస్ మేనేజర్ 90 రోజుల్లో ఐదుసార్ల దాకా కలిశారు. ఆరు నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు మొదటి గుంపులో 60 శాతం, రెండో గుంపులో 78 శాతం. ఆ తేడా మందుల వల్ల వచ్చింది కాదమ్మా, మనిషి వెంట ఉండటం వల్ల వచ్చింది.

అయితే అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి. ఈ ఉద్యోగాలకు చాలా సంస్థలు ఆ సమాజం నుంచే వచ్చినవాళ్లను కోరుకుంటాయి, అది న్యాయం కూడా. బయటివాడిగా వెళ్లి నమ్మకం సంపాదించాలంటే నెలలు పడుతుంది. సలహాలు ఇచ్చే తొందర తగ్గించుకుని వినగలగాలి.

వీసా దగ్గర మాత్రం మీ ఆందోళన సరైనదే. ఓపీటీ 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సులు) కింద మరో 24 నెలలు రావాలంటే యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ఉన్న కోర్సు కోడ్ ఆ జాబితాలో ఉండాలి, సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదై ఉండాలి. ఎపిడమాలజీ (జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చదివే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) స్టెమ్ కిందకి వస్తాయి, జనరల్ ఎంపీహెచ్ రాదు. మీ ఉత్తరంలో స్పెషలైజేషన్ లేదు, అది కనుక్కోండి. హెచ్1బీ ఉద్యోగ వీసాకి ఆ ఉద్యోగానికే ఫలానా డిగ్రీ తప్పనిసరి అని చూపించాలి. ఔట్‌రీచ్ వర్కర్ పోస్టుకు చాలాచోట్ల హైస్కూల్ చదువు, అనుభవం చాలు. కాబట్టి ఆ హోదాతో హెచ్1బీ దొరకడం కష్టం. జీతం కూడా ఈ తరహా ఉద్యోగాలకు ఏడాదికి 50 వేల డాలర్ల చుట్టూనే ఉంటుంది.

అందుకని నేనైతే చేరమనే అంటాను, కానీ ఒక్క ఏడాదికి. చేరిన ఆరో నెల నుంచే ప్రోగ్రామ్ డేటా, ఇవాల్యుయేషన్ పనుల్లో చేయి పెట్టాలి. తర్వాత యూనివర్సిటీల్లో, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థల్లో ఎపిడమాలజిస్ట్ లాంటి పోస్టులకు ప్రయత్నించాలి. వీటికి హెచ్1బీ లాటరీ బెడద ఉండదు. వీధిలో పనిచేసి వచ్చినవాడికి లెక్కల వెనక మనుషులు కనిపిస్తారు. ఇంటర్వ్యూలో అది ఇట్టే తెలిసిపోతుంది.

సంతకం పెట్టే ముందు సంస్థను గ్రాంట్ ఎప్పటిదాకా ఉందని అడగాలి. ఈ ఉద్యోగాలు ఎక్కువగా ప్రభుత్వ నిధుల మీద నడుస్తాయి. 2025లో సీడీసీ హెచ్ఐవీ విభాగంలోనే చాలామందిని తీసేశారు.

ఇక సంబంధాల విషయం. "ప్రజారోగ్య రంగంలో, హెచ్ఐవీ మీద పనిచేస్తున్నాడు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. దాచి కుదిర్చిన సంబంధం నిలవదు. మీరు రాయని ప్రశ్న ఒకటి కూడా ఆ ఉత్తరంలో నాకు వినిపించింది. ఈ పని ఎంచుకున్నాడు కాబట్టి అబ్బాయి కూడా గే అని ఊహించకండి, నిలదీయకండి. ఎప్పుడైనా తనంతట తానే ఏదైనా చెబితే మాత్రం పూర్తిగా వినండి. వాడు రేపు కలవబోయే కుర్రాళ్లలో చాలామందికి ఇంట్లో వినేవాళ్లే లేరు.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం 90కి మించకూడదు. ఇప్పటికి ఎన్ని అయ్యాయో లెక్క చూసుకుని, ఈ ఆదివారమే తండ్రీకొడుకులతో ఫోన్‌లో మాట్లాడించండి.