అన్నయ్య ముందు జేబులోకి వెళ్లిన కార్డు

ప్రశ్న: కృష్ణా జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. సెలవుల్లో కబడ్డీ పోటీలకు రిఫరీగా వెళుతుంటాను. కోచ్‌లు మీదమీదకు వచ్చి అరుస్తుంటే చేతులు వణుకుతున్నాయి. నాకు ఆట నేర్పిన మా అన్నయ్య కూడా ఒక జట్టుకు కోచ్. సంక్రాంతి పోటీల్లో కూతకు వెళ్లిన వాళ్ల రెయిడర్‌కు వెనక కాలు నేల మీదే ఉందని బోనస్ పాయింటు ఇవ్వలేదు. ‘నీకు ఆట నేర్పింది ఎవడురా’ అని జనం ముందే అరిచాడు. గ్రీన్ కార్డు తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అప్పటి నుంచి మాటల్లేవు. ‘అన్నకు ఎదురు నిలబడతావా’ అని అమ్మ బాధపడుతోంది. మైదానంలో ప్రశాంతంగా ఉండటానికి ప్రాణాయామం వంటిది ఏదైనా చెప్పండి.

జవాబు: ప్రాణాయామం చేయండి, ఒంటికి మంచిదే, మీ చేతుల వణుకు మాత్రం దానితో తగ్గదు. మిగతా కోచ్‌ల గురించి ఒక్క వాక్యం రాసి, ఉత్తరమంతా అన్నయ్యతోనే నింపారు కనుక నేనూ ఆయన గురించే మాట్లాడతాను.

బోనస్ విషయంలో మీ నిర్ణయం సరైనదే. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు ఒక కాలు బోనస్ గీత దాటి ఆనాలి, వెనక కాలు గాలిలో ఉండాలి; అది లేవలేదని మీరే చూశారు. తప్పు జరిగింది ఆ తరువాత. నిర్ణయాలపై అధికారులను పదే పదే నిలదీయడాన్నీ, కించపరచడాన్నీ, బయటి నుంచి కోచింగ్ ఇవ్వడాన్నీ నిబంధనలు ఫౌల్ కిందే లెక్కిస్తాయి. గ్రీన్ కార్డు అంటే హెచ్చరిక మాత్రమే, రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే పసుపు కార్డు కూడా కాదు. ఆ పాటి హెచ్చరికను పరాయివాడికైతే చూపేవారే, అన్నయ్య కాబట్టి జేబులో దాచారు. గట్టు మీద కూర్చున్న తక్కిన కోచ్‌లందరూ అది చూశారు. అరిచిన వాడికి ఏమీ కాలేదని తెలిసిన తరువాత వాళ్లు మాత్రం ఎందుకు నోరు కట్టుకుంటారు? ఆ రోజు ఎదుటి జట్టులో ఆడిన పిల్లల ముఖాలు ఒకసారి తలచుకోండి.

అన్న తండ్రి తరువాత తండ్రి అని నమ్మేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆయన మీకు ఆట నేర్పారు. ఆ రుణం నిజమైనది, దాన్ని ఇంట్లో ఎంత తీర్చినా తరగదు. అయితే నేర్పిన విద్యను వందమంది ముందు ఎత్తిపొడవడం పెద్దరికం కాదు. దాన్ని మీరు మౌనంగా మింగడం వినయమూ కాదు, అక్కడ మీరు తమ్ముడి హోదాలో నిలబడలేదు.

అమ్మగారి మాట నిజమే, కాకపోతే ఆమె అనుకున్న కారణం వేరు. అన్నయ్య జట్టు ఆడే మ్యాచ్‌కు మీరు విజిల్ పట్టకూడదు. ఆ జట్టు గెలిస్తే ఎదుటివారు అనుమానిస్తారు, ఓడితే మీ ఇంట్లో పొయ్యి వెలగదు. డ్రా తీయకముందే నిర్వాహకులకు ఆ సంగతి కాగితం మీద రాసి ఇవ్వండి. భయపడ్డాడని ఎవరైనా అంటే అననివ్వండి. ఇంకెవరూ దొరక్క తప్పనిసరైతే, టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లనూ ఇద్దరు కోచ్‌లనూ పిలిచి, నాతో మాట్లాడవలసింది కెప్టెన్ మాత్రమేనని అందరి ఎదుటా చెప్పండి. తరువాత ఎవరు అరిచినా మొదటి కేకకే కార్డు చూపి, స్కోరర్‌కు చెప్పి, ఆట కొనసాగించండి. ఎందుకు చూపారో వివరించడానికి పూనుకుంటే అక్కడే వాదన మొదలవుతుంది. ముప్పై సెకన్లలో ముగిసే కూతల ఆటలో దానికి చోటు లేదు.

ఇక ఇంటి సంగతి. సంక్రాంతి నుంచి మీరు అన్నయ్య గడప తొక్కలేదంటే అది మీ లోపమే, చిన్నవాడు ముందు వెళ్లాలి. పోటీలు లేని రోజున సాయంత్రం పూట ఒంటరిగా వెళ్లండి. బోనస్ ఇవ్వనందుకు క్షమాపణ చెప్పవద్దు. ‘కాళ్లు చూడమని నేర్పింది నువ్వే, అదే చూశాను, జనం ముందు నువ్వు ఆ మాట అనడం నాకు కష్టమనిపించింది’ అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఆయన బదులు పలకకపోతే వదినగారు పెట్టింది తిని వచ్చేయండి, వారం తరువాత మళ్లీ వెళ్లండి. అమ్మగారి చేతనో వదినగారి చేతనో కబురు పంపే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. మధ్యవర్తులు చేరిన కొద్దీ ఆ ఒక్క మాటకు పది మాటలు కలుస్తాయి.