మోకాలు ‘టక్’మంది.. నీ క్యాప్ (మోకాలి తొడుగు) వేసుకుని మళ్లీ స్కీయింగ్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 44. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. సీజన్ మొదలైన కొత్తలోనే మాకు దగ్గర్లోని చిన్న కొండ మీద మధ్యాహ్నం పూట స్కీయింగ్ చేస్తూ వెనక్కి కూలబడ్డాను. కుడి మోకాలు ‘టక్’మంది. స్కీ (కాలికి బిగించే పొడవాటి పలక) మాత్రం బూటు నుంచి ఊడలేదు. రాత్రికల్లా మోకాలు వాచిపోయింది. చేతి బొటనవేలు కూడా కాస్త నొప్పిగా ఉంది. ఐదు రోజులుగా ఉదయం డైక్లోఫెనాక్, రాత్రి ఐబుప్రోఫెన్ వేసుకుంటున్నాను. ఇప్పుడు నడవగలుగుతున్నాను. ఎలాంటి నీ క్యాప్ కొనాలి? వచ్చే శనివారం మళ్లీ వెళ్లొచ్చా? బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను బిగుతుగా పెట్టడం వల్లే ఇలా అయిందా?

జవాబు: శనివారం వెళ్లొద్దు. నీ క్యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు నొప్పి మాత్రలూ ఈరోజే ఆపండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఒకే కోవకు చెందిన మందులు. రెండూ వేసుకుంటే నొప్పి రెట్టింపు తగ్గదు. కడుపులో పుండ్లు, రక్తస్రావం ముప్పు మాత్రం పెరుగుతుంది. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. మీ బీపీ మాత్రలోని రెండు మందులకు ఈ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గి, అవి ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఉంది. చలిలో దాహం వేయక నీళ్లు తక్కువ తాగేవారికి ఇది మరీ ఎక్కువ. అలాగని బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపకండి. మీ ఫిజీషియన్‌కు చూపించుకుని సీరం క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకోండి. మూత్రం తగ్గినా, మలం నల్లగా వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకపోతే నొప్పికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి లేదా రెండు, ఆరేసి గంటల తేడాతో వాడుకోవచ్చు. రోజుకు మొత్తం 3 గ్రాములు దాటొద్దు.

ఇక మోకాలు. చేత్తో పరీక్షించకుండా నిర్ధారించలేను. కానీ పడినప్పుడు ‘టక్’మని, కొద్ది గంటల్లోనే వాచిందంటే కీలులో రక్తం చేరిందనే ముందు అనుమానిస్తాం. అందుకు ప్రధాన కారణం ఏసీఎల్ లిగమెంట్, అంటే మోకాలి లోపల రెండు ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ తెగడం. మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య దిండులా ఉండే మెత్త) చిరగడం, ఎముక చివర పగులు కూడా కావచ్చు. మీరు పడిన తీరు కూడా ఏసీఎల్ తెగడానికి సరిపోతోంది. కూర్చున్నట్టుగా వెనక్కి పడితే తుంటి మోకాళ్ల కన్నా కిందికి దిగిపోతుంది. వాలు కింది వైపున్న స్కీ వెనక భాగంలోని లోపలి అంచు మంచులో దిగబడి, కాలిని లోపలికి తిప్పేస్తుంది. వంగి ఉన్న మోకాలు ఆ మెలికను తట్టుకోలేదు.

‘నడవగలుగుతున్నాను’ అని మీరు ధైర్యంగా రాశారు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మాటే. ఏసీఎల్ పూర్తిగా తెగినవారు కూడా వారం పది రోజుల్లో చదును నేల మీద బాగానే నడుస్తారు. మీరైతే నొప్పి తెలియకుండా మాత్రలు కూడా వేసుకుంటున్నారు. అసలు సంగతి గబుక్కున పక్కకు తిరిగినప్పుడు బయటపడుతుంది, మోకాలు జారి పట్టు తప్పినట్టవుతుంది. స్కీయింగ్ అంటేనే మలుపులు. అలా జారిన ప్రతిసారీ మెనిస్కస్, మృదులాస్థి నలుగుతాయి. ఒక్క లిగమెంట్‌తో పోయేది కొన్నేళ్లకు కీలు అరుగుదల దాకా వెళ్తుంది. ఐదు రోజులు ఇప్పటికే పోయాయి, ఇంకా ఆలస్యం చేయకండి.

ఈ వారంలోనే ఆర్థోపెడిక్ సర్జన్‌ను కలవండి. ముందు ఎక్స్‌రే తీస్తారు. పిక్క ఎముక పైభాగంలో బయటి అంచున చిన్న ముక్క ఊడి కనిపించినా ఏసీఎల్ మీద అనుమానం బలపడుతుంది. మోకాలిని 20-30 డిగ్రీలు వంచి, పిక్కను ముందుకు లాగి, రెండో కాలితో పోల్చి చూస్తారు. వాపు ఉన్నప్పుడు కండరాలు బిగుసుకుని ఈ పరీక్షలో తేడా దొరక్కపోవచ్చు. ‘ఏమీ లేదు’ అన్నా వారం తర్వాత మళ్లీ చూపించుకోవాలి. అవసరాన్ని బట్టి ఎంఆర్ఐ చేస్తారు. మోకాలు పూర్తిగా చాపలేక ఎక్కడో ఇరుక్కుపోయినట్టుంటే, నాలుగడుగులు కూడా వేయలేకపోతే వారం ఆగక్కర్లేదు, అదే రోజు వెళ్లండి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా ఎమర్జెన్సీకే. కాలిలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

అప్పటిదాకా ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. క్రీప్ బ్యాండేజ్ చుట్టి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచండి. మసాజ్, వేడి కాపడం వద్దు. వాపు ఉంటే తొడ ముందు కండరం పనిచేయడం మానేసి త్వరగా సన్నబడుతుంది. ఎముక పగులు లేదని తేలాక మడమ కింద చుట్టిన టవల్ పెట్టి, మోకాలిని పరుపు వైపు నొక్కుతూ తొడను బిగించి 5 సెకన్లు ఉంచి వదలండి. ఇలా పదేసి సార్లు, రోజుకు నాలుగు దఫాలు. ఆపరేషన్ అవసరమైనా సాధారణంగా వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగాకే చేస్తారు.

సాగే గుడ్డతో చేసిన నీ క్యాప్ వెచ్చగా ఉంటుంది, అంతే. తెగిన లిగమెంట్ పనిని అది చేయలేదు. లోపలి వైపు లిగమెంట్ దెబ్బతింటే పక్కన కీళ్లున్న బ్రేస్ ఇస్తాం, కానీ అది పరీక్ష తర్వాతి మాట.

బైండింగ్ గురించి: సెట్టింగ్‌ను బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ చేసే తీరును బట్టి పెడతారు. టెక్నీషియన్ చేత ఒకసారి చూపించండి, మీరే వదులు చేయకండి. సరిగ్గా పెట్టినా ఊడకపోవచ్చు. మామూలు బైండింగ్‌లో బూటు ముందు భాగం పక్కకూ, మడమ పైకీ వదులుతాయి. అది ప్రధానంగా పిక్క ఎముక విరగకుండా చేసిన ఏర్పాటు. నెమ్మదిగా వెనక్కి మెలి తిరుగుతూ పడినప్పుడు మోకాలిని కాపాడుతుందని నమ్మలేం.

బొటనవేలి నొప్పిని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. స్కీ పోల్ (ఊతంగా పట్టుకునే కర్ర) చేతిలో ఉండగా పడితే వేలు బయటికి విరుచుకుని, దాని మొదట్లో లోపలి వైపున్న లిగమెంట్ తెగవచ్చు. తాళం చెవి తిప్పేటప్పుడు, కాగితం గిల్లి పట్టుకునేటప్పుడు పట్టు చాలకపోతే అదే అనుమానం. కొందరిలో తెగిన కొస పక్క పొర మీదికి ఎక్కి ఇరుక్కుంటుంది, ఇక తనంతట అతుక్కోదు. మూడు వారాలు దాటితే కుట్టి సరిచేయడం కష్టమవుతుంది. వదులైందేమోనని లాగి చూడకండి. మోకాలి ఎక్స్‌రేతో పాటే ఆ చేతికీ తీయించుకోండి.