చేతులకెంత, గదికెంత?

మసాజ్, స్పా, ఒంటి సంరక్షణ గురించి పాఠకుల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిచ్చేది హనుమకొండలో ఆడవాళ్ళ కోసం చిన్న స్పా నడుపుతున్న థెరపిస్టు. దుబాయ్ హోటల్లో ఇండోనేసియాలోని బాలి దీవి అమ్మాయిలతో కలిసి పనిచేసి, తర్వాత ఆ దీవిలోనే ఉబుద్ ఊళ్ళో శిక్షణ తీసుకున్నారు. ఈసారి ఉత్తరాలన్నీ బాలి చుట్టే తిరిగాయి.

ప్రశ్న: నమస్తే అమ్మా. నేను రిటైరైన టీచర్ని. ఈ మార్చిలో మా సారుకు డెబ్బై నిండుతాయి. భీమరథ శాంతి అయ్యాక మమ్మల్ని బాలిలో ఐదు రాత్రుల వెల్‌నెస్ రిట్రీట్‌కు పంపిస్తామని అమెరికాలో ఉన్న అబ్బాయి, కోడలు పట్టుబడుతున్నారు. రోజూ మసాజ్, పూల స్నానం, గుడి కోనేట్లో స్నానం అన్నీ ఉంటాయట. నాకు చాలా ఏళ్ళుగా షుగర్, అరికాళ్ళు మొద్దుబారుతుంటాయి. ఆయనకు బీపీ, మోకాళ్ళ నొప్పులు. మాంసం ముట్టం. బట్టలు తీసి పడుకోవాలంటే నాకు ఏదోలా ఉంది. రేటు చూస్తే ఇంకా టెన్షన్. ఏం చేయమంటారు? (సుబేదారి, హనుమకొండ)

జవాబు: వెళ్ళండి టీచరమ్మా. కాకపోతే డబ్బు కట్టే ముందు ఆ ప్యాకేజీలో గదికెంత, తిండికెంత, మసాజ్ చేసే చేతులకెంత అని విడివిడిగా రాసిమ్మని అడగమనండి. ఆ కాగితం చూశాక మీ అబ్బాయే ఆలోచనలో పడతాడు.

ఉబుద్‌లో వీధి మీదుండే మామూలు స్పాలో గంట మసాజ్ లక్షన్నర నుంచి రెండున్నర లక్షల రూపియాల్లో అయిపోతుంది. కంగారు పడకండి, మన డబ్బుల్లో అది ఎనిమిది వందల నుంచి పదమూడు వందలు. అదే గంట అయుంగ్ నది లోయ అంచున కట్టిన పెద్ద రిసార్టులో పది లక్షల రూపియాలు దాటుతుంది. చేసేవాళ్ళు వేరేనా అంటే కాదు. దుబాయ్‌లో నా పక్కన పనిచేసిన అమ్మాయి ఉబుద్ వీధి స్పాలో మొదలుపెట్టి, రిసార్టుకు మారి, అక్కడి నుంచి గల్ఫ్‌కు వచ్చింది. మూడు చోట్లా అవే చేతులు. ఆమె జీతం కొంత పెరిగిందిగానీ గది రేటు పెరిగినంత కాదు.

అలాగని రిసార్టు దండగ అనను. లోయ వైపు తెరిచిన గది, కింద నీళ్ళ చప్పుడు, మసాజ్ అయ్యాక ఎవరూ లేపకుండా పడుకోనిచ్చే తీరిక, వీటికే ఆ డబ్బు. వీధి స్పాలో గంట కాగానే టవల్ మారుస్తారు, బయట స్కూటర్ల మోత. మీ వయసులో ఆ తీరిక విలువైనదే. రెండు రాత్రులు రిసార్టులో, మూడు రాత్రులు ఊళ్ళో మంచి హోంస్టేలో ఉండండి. ధరల పట్టికలో అంకె పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్ను, సర్వీసు చార్జీ అదనమని అర్థం. రెండూ కలిపి మామూలుగా 21 శాతం పడుతుంది. చాలామంది బిల్లు చేతికొచ్చాకే దాన్ని చూస్తారు.

ఇక ఒంటి సంగతి. రిట్రీట్ల పట్టికలో 'బోరే' అని ఉంటుంది. బాలి వరి రైతులు పొలంలో నడుములు పోయాక పూసుకునే మసాలా ముద్ద అది. లవంగాలు, అల్లం, దుంపరాష్ట్రం, జాజికాయ, దాల్చినచెక్క నూరి బియ్యప్పిండితో కలుపుతారు. పూసిన కాసేపటికి ఒళ్ళు వేడెక్కుతుంది. ఆయన వీపుకు, భుజాలకు అది బాగుంటుంది, బీపీ అదుపులో ఉంటేనే. మీరు మాత్రం కాళ్ళకు పెట్టించుకోకండి. అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకు మంట మొదలైనా తెలియదు, చర్మం కమిలాక చూసుకుంటారు. వేడి రాళ్ళ మసాజ్‌కూ, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టించడానికీ ఇదే మాట. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పిక్కల్లో నరాలు ఉబ్బి ఉన్నా గట్టిగా పిసికించుకోకూడదు. వెళ్ళే ముందు మీ డాక్టరుకు ఆ పట్టిక చూపించి, వద్దన్నవాటి మీద గీత కొట్టించుకోండి. అక్కడ మొదట ఇచ్చే ఫారంలో షుగర్, బీపీ అని తప్పకుండా రాయండి. సెలవుకొచ్చి జబ్బులెందుకు చెప్పుకోవాలని మనవాళ్ళు ఖాళీగా వదిలేస్తారు. నా దగ్గరికొచ్చే వాళ్ళూ అంతే.

బట్టల విషయంలో సంకోచం వద్దు. వాడి పారేసే లోదుస్తులిస్తారు, పైన సారంగు, అంటే లుంగీలాంటి గుడ్డ, కప్పుతారు. ఏ భాగానికి చేస్తే అక్కడి వరకే తీసి, అయిపోగానే మళ్ళీ కప్పేస్తారు. ఆడమనిషే కావాలని బుకింగ్‌లోనే రాయించండి. నొప్పి పెడితే 'సాకిత్' అనండి, మెల్లగా కావాలంటే 'పెలాన్'. ఓర్చుకుంటే ఎక్కువ గుణం చేస్తుందనుకోకండి.

తిండి దగ్గర ఒక్క జాగ్రత్త. శాకాహారమని తెచ్చిన కూరలోనూ, సంబల్ కారంలోనూ 'తెరాసి' కలిసే అవకాశం ఉంది. అది రొయ్యలను పులియబెట్టి చేసిన ముద్ద. పేరు పెట్టి వద్దని చెప్పాలి. మాగాయ సీసా ఎలాగూ మీ సూట్‌కేసులో ఉంటుంది, నేను చెప్పక్కర్లేదు.

గుడి స్నానమంటే 'మెలుకాత్'. తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్ గుడిలో చేయించే శుద్ధి అది. ఆ ఊట దగ్గర గుడి వెలిసింది 962లో, అంటే మన వేయిస్తంభాల గుడికన్నా రెండు వందల ఏళ్ళు ముందు. నడుముకు సారంగు, పైన గుడ్డపట్టీ కట్టుకుని నీళ్ళలో దిగి వరసగా ధారల కింద తల పెడతారు. వాటిలో రెండు ధారలు పోయినవాళ్ళ కర్మలకు సంబంధించినవి, వాటిని దాటి వెళ్ళాలి. ఏవో ముందే అడగండి. ముట్టు సమయంలో ఆడవాళ్ళకు గుళ్ళోకి ప్రవేశం లేదు. నీళ్ళు చల్లగా ఉంటాయి, అడుగున రాళ్ళు జారుతాయి. కాళ్ళకు స్పర్శ తెలియని మీరు ఒక చేయి ఆయన భుజం మీద వేసి దిగండి. మోకాళ్ళ నొప్పులతో ఆయన మిమ్మల్ని పట్టుకుంటారో, మీరు ఆయన్ని పట్టుకుంటారో గానీ ఇద్దరూ కలిసే దిగండి.

మార్చి అన్నారు కాబట్టి 'న్యెపి' ఎప్పుడో చూసుకోండి. శక సంవత్సరాది రోజు, మార్చిలో చాలాసార్లు ఉగాది దరిదాపుల్లోనే పడుతుంది. ఆ ఇరవై నాలుగు గంటలు దీవి మొత్తం మౌనం. విమానాశ్రయం మూసేస్తారు, వీధిలోకి ఎవరూ రారు, దీపాలు కూడా తగ్గిస్తారు. నాకైతే బాలి మొత్తంలో నచ్చిన స్పా ఆ రోజే, పైసా ఖర్చు లేదు. కానీ ఆ తేదీకి టికెట్ కొంటే మాత్రం ఇరుక్కుపోతారు. మార్చిలో వానలు కూడా ఇంకా పూర్తిగా పోవు. వీసా అక్కడ దిగాక ఇస్తారు, 5 లక్షల రూపియాలు, ముప్పై రోజులు. 2024 ఫిబ్రవరి 14 నుంచి పర్యాటకుల రుసుము మనిషికి లక్షన్నర రూపియాలు. ఈ రెండూ ప్యాకేజీలో కలిశాయో లేదో అడగండి.

ప్రశ్న: అక్కా, నా పెళ్ళి వచ్చే నెలలో. ఇక్కడి ఒక పార్లర్‌లో 'బాలినీస్ రాయల్ లులుర్' పేరుతో పద్దెనిమిది వేలు చెప్తున్నారు. మా నానమ్మేమో నలుగు ఉండగా ఇదెందుకని అరుస్తోంది. ఎవరి మాట వినాలి? (జగిత్యాల)

జవాబు: నానమ్మ మాట. లులుర్ బాలి స్పాలన్నిట్లో దొరుకుతుంది గానీ అది పుట్టింది పక్క దీవి జావాలో, యోగ్యకర్త, సోలో నగరాల రాజభవనాల్లో. పెళ్ళికూతుళ్ళకు రోజుల తరబడి చేసేవారు. మొదట నూనెతో మర్దన, తర్వాత బియ్యప్పిండి, పసుపు, గంధం, మసాలాలు కలిపిన ముద్ద. అది సగం ఆరాక రుద్ది రాల్చేస్తారు, పైన పెరుగు పూసి, కడిగి, పూలనీళ్ళలో కూర్చోబెడతారు. మీ నానమ్మ నలుగుకు చివర పెరుగు చేర్చుకో, లులుర్‌కు చాలా దగ్గరికొచ్చేశావు.

నాలుగు చెంచాల బియ్యప్పిండికి అర చెంచా పసుపు, చెంచా గంధం చాలు. ప్యాకెట్ పసుపు వద్దు తల్లీ. జగిత్యాల, మెట్‌పల్లి చుట్టూ పసుపు పండుతుంటే, జాతీయ పసుపు బోర్డు పక్కనే నిజామాబాద్‌లో పెట్టుకుని, రంగు కలిపిన పొడి కొనడమేంటి? కొమ్ములు తెచ్చి మర పట్టించండి. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది, అది ఒంటికి చేటు. ముందురోజు మోచేతి మడతలో రాసి చూడు. వాక్సింగ్ చేయించుకున్న రోజూ, మర్నాడూ ముట్టుకోకు. ఫొటోల్లో పచ్చగా పడకుండా పెళ్ళికి మూడు రోజుల ముందే ఆపేయ్. మంగళస్నానం నలుగంటావా, అది వేరే లెక్క, దానికి ఫొటోగ్రాఫరే సర్దుకోవాలి.

ప్రశ్న: మేడమ్, నేను గనిలో పనిచేస్తాను. నడుములో డిస్క్ జరిగిందన్నారు. బాలిలో 'బలియాన్' అనే వైద్యులు చేత్తో సరిచేస్తారని ఒక వీడియోలో చూశాను. నిజమేనా? (గోదావరిఖని)

జవాబు: బలియాన్లు ఉన్నారు తమ్ముడూ, ఊళ్ళో గౌరవమూ ఉంది. తాళపత్రాల్లోని 'ఉసద' వైద్యం చదివినవాళ్ళు, ఎముకలు కట్టేవాళ్ళు, పూనకంలో చెప్పేవాళ్ళు, ఇలా రకాలున్నారు. ఆ తాళపత్రాలను సింగరాజలో 1928లో పెట్టిన గెదొంగ్ కీర్త్య గ్రంథాలయంలో భద్రపరిచారు. ఇదంతా తెలుసుకోవలసిన సంగతే, నీ డిస్క్‌కు పనికొచ్చేది కాదు. జరిగిన డిస్క్ ఉన్న నడుమును ఎవరైనా విరిచినట్టు తిప్పితే కాలు పడిపోయే ప్రమాదం ఉంది. నా దగ్గరికి అలాంటివాళ్ళొస్తే నేనే చేయనని పంపేస్తాను. సింగరేణి ఆసుపత్రిలో చూపించుకుని ఫిజియోథెరపీ మొదలుపెట్టు. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి.

ప్రశ్న: అక్కా, నాకు హైదరాబాద్‌లో బాలినీస్ మసాజ్ చేయించుకోవాలని ఉంది. స్పా అనగానే మా ఆయనకు టీవీలో పోలీసు రెయిడ్లే గుర్తొస్తాయి. మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? (వరంగల్ చౌరస్తా)

జవాబు: మీ ఆయన ఒక్కడే కాదు, ఇండోనేసియా ప్రభుత్వమూ అలాగే ఆలోచించింది. అక్కడి పన్నుల చట్టం స్పాలను డిస్కోలు, బార్లు, కరావోకేల గాటన కట్టి 40 నుంచి 75 శాతం పన్ను వేసింది. బాలి స్పాల వాళ్ళు గోలపెట్టారు. చివరికి 2025 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం స్పా అంటే సంప్రదాయ ఆరోగ్య సేవేనని తేల్చింది. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి.

అసలు బాలి పద్ధతి అయితే ముందు కాళ్ళు కడుగుతారు. కొబ్బరి నూనెతో అరచేతుల పొడవాటి దువ్వులు, మధ్యమధ్య బొటనవేళ్ళ ఒత్తిడి, వీపు మీద చర్మాన్ని వేళ్ళతో చుట్టగా పట్టి ముందుకు జరపడం, ఈ మూడూ ఉండాలి. ఊరికే నూనె రాసి తోమితే పేరు ఏదైనా ఒక్కటే. ఫోన్ చేసినప్పుడే ఆడమనిషి చేస్తుందా, ఎక్కడ నేర్చుకుంది, ఫారం నింపిస్తారా అని అడగండి. తడబడితే పెట్టేయండి.

ప్రశ్న: ఇండోనేసియావాళ్ళ మూలికల పానీయం 'జాము' తాగితే బరువు తగ్గుతారా? (కాజీపేట)

జవాబు: తగ్గరు. 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినంత పాత అలవాటు అది, ఉదయాన్నే తాగితే హాయిగా ఉంటుంది. పచ్చి పసుపు కొమ్ము తురుమి, చింతపండు వేసి మరిగించి, వడగట్టి, తాటిబెల్లం కలపండి. షుగర్ ఉంటే బెల్లం వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగాకే తాగండి. తెల్ల చొక్కా వేసుకుని వడగట్టకండి.