సంతకం పెట్టే ముందు పరీక్షలు ఎవరు చేస్తారో అడగండి

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. బాక్సింగ్‌లో రెండుసార్లు రాష్ట్ర స్థాయి పతకం తెచ్చాడు. ఒక ప్రమోటర్ మూడేళ్ల కాంట్రాక్టు ఇస్తానని, ప్రొఫెషనల్‌గా మారమని అంటున్నాడట. వీడేమో చదువు మానేస్తానంటున్నాడు. జిమ్‌లో ఏవో పౌడర్లు, మాత్రలు ఇస్తున్నారు. ఏంటని అడిగితే ‘అందరూ వాడేవేలే అమ్మా’ అంటాడు. పంపించమంటారా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కాంట్రాక్టు సంగతి కన్నా ‘అందరూ వాడేవే’ అన్న మాటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. ముందు దాని గురించే చెబుతాను.

డోపింగ్ అనగానే సిరంజీలు, స్టెరాయిడ్లే గుర్తొస్తాయి. కానీ పిల్లలు ఇరుక్కునేది చాలాసార్లు మామూలు మందులతోనే. ఒంట్లో నీరు తీసే ల్యాసిక్స్ మాత్ర నిషేధిత జాబితాలో ఉంది. మన మెడికల్ షాపుల్లో దొరికే కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే టెర్బ్యుటలిన్ కూడా ఉంది. తూకం రోజున కిలో తగ్గాలని ల్యాసిక్స్ వేసుకున్న ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. అది డోపింగ్ అవుతుందని ఆ రోజు దాకా అతనికి ఎవరూ చెప్పలేదు. నియమం మాత్రం కఠినమైనది. ఒంట్లో ఏది దొరికినా బాధ్యత ఆటగాడిదే. కోచ్ ఇచ్చాడంటే శిక్ష కొంత తగ్గొచ్చేమో గానీ కేసు పోదు. కావాలని వాడినట్టు తేలితే నాలుగేళ్ల నిషేధం పడొచ్చు. ఆ నాలుగేళ్లూ ఆ ఆటలో కోచ్‌గా కూడా పని చేయనివ్వరు.

ఇక ప్రొఫెషనల్ బాక్సింగ్. అమెచ్యూర్‌లో (ప్రొఫెషనల్ కానంత వరకు) ఉన్నంత కాలం నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు పరీక్షలకు పోటీల దగ్గరికీ రావచ్చు, చెప్పకుండా ఇంటికీ రావచ్చు. ప్రొఫెషనల్‌లో ప్రపంచం మొత్తానికి అలాంటి పెద్ద దిక్కు ఒకటి లేదు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు, ఎవరి చాంపియన్ బెల్టు వారిదే. అమెరికాలో లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర కమిషన్. పెద్ద ఫైట్లకు పరీక్షలు చేసే వాలంటరీ యాంటీ డోపింగ్ అసోసియేషన్ పేరులోనే ‘స్వచ్ఛందం’ అని ఉంది. ఎవరో ఒప్పుకొని డబ్బు కడితేనే ఆ పరీక్షలు జరుగుతాయి.

దీని ఫలితం చూడండి. 2019లో జారెల్ మిల్లర్ అనే హెవీవెయిట్ బాక్సర్ ఆంథనీ జాషువాతో ఫైట్‌కు ముందు మూడు నిషేధిత మందులకు దొరికిపోయాడు. న్యూయార్క్ కమిషన్ లైసెన్సు ఇవ్వలేదు, ఆ ఫైట్ పోయింది. డబ్ల్యూబీఏ వేసిన శిక్ష ఆరు నెలలే. మరుసటి ఏడాదే మళ్లీ దొరికాడు. అప్పుడు గానీ నెవాడా కమిషన్ రెండేళ్లు పక్కన పెట్టలేదు.

2024 ఏప్రిల్‌లో ర్యాన్ గార్సియా అనే బాక్సర్ ఒక ఫైట్‌లో డెవిన్ హేనీని మూడుసార్లు కింద పడేశాడు. గార్సియా ఒంట్లో కండలు పెంచే ఆస్టరిన్ అనే నిషేధిత మందు ఉందన్న సంగతి ఫైట్ అయ్యాకే బయటపడింది. ఏడాది సస్పెన్షన్, 10 వేల డాలర్ల జరిమానా, పది లక్షల డాలర్లకు పైగా పారితోషికం వెనక్కి. ఫలితాన్ని ‘నో కాంటెస్ట్’గా, అంటే గెలుపోటములు లేనట్టుగా మార్చారు. హేనీ తలకు తగిలిన దెబ్బల్ని ఎవరు మారుస్తారు? వేరే ఆటల్లో ఒకరు నిషేధిత మందు వాడితే ఎదుటివాడికి పోయేది పతకం. ఇక్కడ ప్రాణం మీదకు వస్తుంది. మీ అబ్బాయి ఏమీ వాడకపోయినా, ఎదురుగా నిలబడేవాడిని పరీక్షించే నాథుడు ఉన్నాడా అనేది మీరు తేల్చుకోవాలి.

అందుకే ప్రమోటర్‌ను కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడగండి. లైసెన్సు ఎవరిస్తారు? పోటీలు లేని రోజుల్లో ఇద్దరు బాక్సర్లకూ డోప్ టెస్టులు ఎవరు చేస్తారు, ఖర్చెవరిది? మెదడు స్కాన్, ఇన్సూరెన్స్ ఎవరు చూసుకుంటారు? నాకౌట్ అయితే ఎన్నాళ్లు ఆపుతారు, ఆపమని చెప్పే డాక్టర్ ఎవరి మనిషి? మూడేళ్లలో ఎన్ని ఫైట్లు ఇప్పిస్తాడు, మధ్యలో బయటికి రావచ్చా? ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అనే జవాబు వస్తే అది జవాబు కాదు. కాంట్రాక్టును లాయర్‌కు చూపించకుండా సంతకం వద్దు.

నా అభిప్రాయం అడిగితే, ఇప్పుడు పంపించవద్దు. ప్రొఫెషనల్ తలుపు రెండేళ్ల తర్వాత కూడా తెరిచే ఉంటుంది. విజేందర్ సింగ్ 2008లో ఒలింపిక్ పతకం తెచ్చాక, 2015లో గానీ అటు వెళ్లలేదు. ఈలోగా డిగ్రీ పూర్తి చేసి, జాతీయ పోటీల్లో పతకం కోసం కష్టపడనివ్వండి. రైల్వే, ఆర్మీ, పోలీసు శాఖల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. మీ ఊరి నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యి, 2024లో డీఎస్పీ అయింది. అందరికీ అంత దక్కకపోవచ్చు. కానీ డిగ్రీ చేతిలో ఉంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా లాంటి దారులైనా ఉంటాయి.

అబ్బాయితో గొడవ పెట్టుకోకండి. వాడి కష్టం నిజం, వాడి కల కూడా నిజం. ఈ రాత్రే పక్కన కూర్చుని ఆ డబ్బాలు, మాత్రలు అన్నీ బయట పెట్టించి ఫొటోలు తీయండి. మందుల పేర్లు నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో వాడి చేతే వెతికించండి. పౌడర్ల విషయంలో లేబుల్ మీద రాసినదంతా నమ్మలేం, కాబట్టి స్పోర్ట్స్ డాక్టర్ చెప్పేదాకా ఆపేయమనండి. పైన రాసిన ప్రశ్నలు కూడా మీరు కాదు, వాడే ప్రమోటర్‌ను అడగాలి. జవాబులు వచ్చాక కాంట్రాక్టు కాపీతో పాటు నాకు పంపండి, కూర్చుని చూద్దాం.