మునిగేదేది, తేలేదేది: సాంద్రత మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: పిల్లలతో చక్కెర కలిపిన రంగునీళ్ళ పొరల గ్లాసు చేయబోయినం. మూడుసార్లు చేసినా రంగులన్నీ కలిసి బురదనీళ్ళయినయి. ఏడ తప్పు పోయింది? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: తప్పు చక్కెరలో కాదు, పోసే పద్ధతిలో ఉండి ఉంటుంది. నాలుగు గ్లాసుల్లో 100 మి.లీ. చొప్పున నీళ్ళు తీసుకోండి. ఒకదాన్ని ఉత్త నీళ్ళుగానే ఉంచి, మిగతా మూడింట్లో 15, 30, 45 గ్రాముల చక్కెర కరిగించండి. సాంద్రతలు సుమారుగా 1.00, 1.05, 1.10, 1.13 వస్తాయి (సాంద్రత అంటే ఒక మి.లీ. ఎన్ని గ్రాములు తూగుతుందో అది). తేడా ఇంత తక్కువ గనుక గ్లాసు వంచి పోస్తే ఆ ధార దెబ్బకే పొరలు చెదిరిపోతాయి. 45 గ్రాములది అడుగున పోయండి. తర్వాతిదాన్ని సూది లేని 10 మి.లీ. సిరంజిలోకి తీసుకుని, మొనను గ్లాసు గోడకు ఆనించి, నీటిమట్టానికి కాస్త పైనుంచి గోడ వెంబడి జారేలా వదలండి. ఒక సిరంజి ఖాళీ కావడానికి అర నిమిషం పట్టాలి. అంతకంటే తొందరపడ్డారంటే మళ్ళీ బురదే.

చక్కెర త్వరగా కరగాలని వేడినీళ్ళు వాడితే, అన్నీ చల్లారేదాకా ఆగండి. వేడిమీద సాంద్రత తగ్గి, ఉన్న కాస్త తేడా కూడా పోతుంది. చివర పైన పల్లినూనె పోయొచ్చు. దాని సాంద్రత 0.91. కింది పొరలు రోజులు గడిచేకొద్దీ వాటంతటవే కలిసిపోతాయి, నూనె మాత్రం పైనే ఉంటుంది.

పనిలో పని, నీళ్ళల్లో వేస్తే నేరుగా అడుగుకు దిగిన తేనె అసలుదన్న పరీక్షను నమ్మకండి. చిక్కటి చక్కెర పాకం కూడా అట్లాగే దిగుతుంది.

ప్రశ్న: మా బడిలో కొలజాడీ పగిలిపోయింది. ఉత్త వంటింటి కాటాతో రాయి సాంద్రత తీయవచ్చునా? – ఉపాధ్యాయుడు, పరకాల

జవాబు: తీయవచ్చు, అదీ కొలజాడీ కంటే మేలుగా. ముందు రాయిని తూచి బరువు రాసుకోండి. తర్వాత కాటా మీద ముప్పావు వంతు నీళ్ళున్న డబ్బా పెట్టి, అంకెను సున్నా చేయండి. రాయికి సన్నని దారం కట్టి, నీళ్ళల్లో పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, మి.లీ.లలో. ఎందుకంటే నీళ్ళు రాయిని ఎంత బలంతో పైకి నెడతాయో, రాయి నీళ్ళను అంతే బలంతో కిందికి నొక్కుతుంది. ఆ బలం రాయి పక్కకు నెట్టిన నీళ్ళ బరువుకు సమానం. ఒక మి.లీ. నీళ్ళు ఒక గ్రాము కాబట్టి వేరే లెక్క అక్కర్లేదు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చే గ్రానైట్ ముక్క 135 గ్రాములుందనుకుందాం. వేలాడదీస్తే కాటా 50 చూపింది. 135ను 50తో భాగిస్తే 2.7. గ్రానైట్‌కు 2.6 నుంచి 2.7 వరకు రావడం మామూలే.

పిల్లలు చేసేటప్పుడు నాలుగు చోట్ల తప్పుతుంది. రాయి అడుగుకు ఆనిందంటే అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. రాయి బరువు కూడా కాటా మీద పడిందన్నమాట. గరుకు రాయికి గాలి బుడగలు అంటుకుంటే ఘనపరిమాణం ఎక్కువగా, సాంద్రత తక్కువగా వస్తుంది. వేలితో తుడిచి చూడండి. పది గ్రాముల గులకరాయి తీసుకుంటే కాటా 4 చూపిస్తుంది, అందులో ఒక గ్రాము అటూ ఇటూ అయితే నాలుగో వంతు తప్పే! అందుకని వంద గ్రాములకు తగ్గని రాయి తీసుకోండి. ఇక నాలుగోది, చాలా కాటాలు కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆరిపోతాయి. సున్నా పోయిందంటే మొదటినుంచీ చేయాల్సిందే. దారం కట్టి పెట్టుకున్నాకే కాటా వేయండి.

ప్రశ్న: రామప్ప గుడి ఇటుక నీళ్ళల్లో తేలుతదంటరు. ఇంట్ల చేసి చూడొచ్చా? – ఎనిమిదో తరగతి విద్యార్థి, ములుగు

జవాబు: పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకల నిండా సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో గాలి. అందుకే సాంద్రత ఒకటికి తక్కువ. మామూలు ఎర్ర ఇటుకకు ఒకటిన్నర దాటుతుంది, టప్పున మునుగుతుంది. గుడి ఇటుక జోలికి పోవద్దు, అది రక్షిత కట్టడం. దానికి బదులు ఇప్పుడు ఇండ్లకు వాడే తెల్లటి ఏఏసీ బ్లాకుల ముక్క అడిగి తెచ్చుకో. దాని సాంద్రత 0.6 దాపుల ఉంటుంది కాబట్టి బకెట్లో తేలుతుంది. ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడు, ఇంకా లోతుకు దిగి ఉంటుంది. రంధ్రాల్లో గాలి పోయి నీళ్ళు చేరాయి. ఇంకో ముక్కకు కరిగించిన కొవ్వొత్తి మైనం పూసి పక్కనే వేస్తే తేడా కనబడుతుంది. మైనం కరిగించే పని పెద్దవాళ్ళది.

ప్రశ్న: వడ్ల విత్తనం ఉప్పునీళ్ళల్ల వేసి తాలు తీస్తున్నం. అందుల గుడ్డు ఎందుకు వేస్తరు? – రైతు, నర్సంపేట

జవాబు: గుడ్డే అక్కడ మీ కొలత. తాజా గుడ్డు సాంద్రత 1.08 దాపుల ఉంటుంది కాబట్టి మంచినీళ్ళల్లో మునుగుతుంది. పది లీటర్ల నీళ్ళల్లో ముందు కిలో ఉప్పు కరిగించి, ఆ తర్వాత వంద గ్రాముల చొప్పున వేస్తూ పోండి. మొత్తం కిలోన్నర దగ్గరికి వచ్చేసరికి గుడ్డు పైకి లేచి, రూపాయి బిళ్ళంత మేర నీటి పైన కనబడుతుంది. అక్కడ ఆపండి. దొడ్డుప్పు నిదానంగా కరుగుతుంది, అడుగున పలుకు లేకుండా కలిపాకే చూడాలి.

పాత గుడ్డుతో మోసపోతారు. లోపల గాలి గది పెరిగి అది మంచినీళ్ళల్లోనే తేలొచ్చు. ముందు ఉత్త నీళ్ళల్లో వేసి, పడుకుందో లేదో చూసుకోండి. వడ్లు వేశాక చేత్తో రెండుసార్లు కలపండి, లేకుంటే గింజకు బుడగలు అంటుకుని మంచి విత్తనం కూడా తేలుతుంది. తాలు తీసేసి, మునిగిన గింజలను వెంటనే మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది.

ప్రశ్న: నూనెలో ఐసు ముక్క వేస్తే తేలుతుందా, మునుగుతుందా? – గృహిణి, జనగామ

జవాబు: రెండూ చేస్తుంది. ఐసు 0.92, పల్లినూనె 0.91, అంటే దాదాపు సరిసమానం. లోపల గాలి బుడగలున్న తెల్లటి ముక్క తేలుతుంది, నిగనిగలాడే ముక్క మెల్లగా దిగొచ్చు. కరిగిన నీటి బొట్టు మాత్రం గుండ్రంగా నూనెలోంచి జారి అడుగుకు పోతుంది. ఆ నూనెను అట్లాగే మూకుడులో పోయకండి, అడుగు నీళ్ళకు చిటపటలాడి మీద పడుతుంది. పైనూనెను నిదానంగా ఒంపుకుని, అడుగున మిగిలినది వదిలేయండి.