పాత జెట్ కాక్‌పిట్ బాగుచేయడం: ముందు అంతా విప్పి రంగు వేయాలా?

బోయింగ్ 707 విమానం కాక్‌పిట్ మీ చేతికొచ్చిందని, అంతా విప్పేసి కొత్త రంగు వేస్తే ఎలా ఉంటుందని అడిగారు. దయచేసి రంగు డబ్బా ఇప్పుడే తెరవకండి. ఇలాంటి కాక్‌పిట్ మీద నాలుగేళ్లు పనిచేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

ఫ్లైట్ ఇంజనీర్ (పైలట్ల వెనక కూర్చుని ఇంజన్లు, ఇంధనం చూసుకునే మనిషి) సీటు పక్కన గీతలు పడ్డ రేకు ఒకటి ఉండేది. దాన్ని శుభ్రంగా గీకి బూడిద రంగు కొట్టేశాను. కొన్నాళ్లకు పాత ఫొటో పెద్దది చేసి చూస్తే, ఆ రేకు అంచున పెన్సిల్‌తో రాసిన అంకెలు! ఏ రాత్రి ప్రయాణంలోనో ఎవరో ఇంధనం లెక్క వేసుకున్నట్టున్నారు. ఆ రేకు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాత రడ్డర్ పెడల్స్ (తోక చుక్కానిని తిప్పడానికి పైలట్ కాళ్లతో తొక్కేవి) జోలికి పోలేదు. బూట్లు రాసుకుని రాసుకుని వాటి రంగు పోయి, లోహం నున్నగా మెరుస్తోంది. అది అలాగే ఉండాలి.

మొదట కిటికీల చుట్టూ నీళ్లు రాకుండా ఆపే సీళ్లు చూడండి. నీళ్లు దిగుతుంటే మిగతా పనంతా వృథా. అల్యూమినియం మీద తెల్లటి పొడి కనిపిస్తే తుప్పు మొదలైనట్టే, అక్కడ మాత్రం గీకాల్సిందే. మిగతా చోట్ల గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలు.

వైర్లు ఊడదీసే ముందు ప్రతిదానికీ చీటీ కట్టండి. బల్బులకు 28 వోల్టుల డీసీ కరెంటు సరిపోతుంది. నేను 24 మాత్రమే ఇస్తాను, వేడి తగ్గుతుంది, బల్బు ఎక్కువకాలం వస్తుంది. చాలా మీటర్లకు మాత్రం 400 హెర్ట్జ్ ఏసీ కరెంటు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు చిన్నవిగా, తేలికగా ఉండాలని విమానాల్లో అది పెట్టారు. ఇంట్లో వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటుకు వాటిని తగిలిస్తే కాలిపోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం భయం ఉండాలి. 707 సర్వీసులోకి వచ్చిన 1958 నాటికి డయల్స్ చీకట్లో వెలిగేలా రేడియం (రేడియోధార్మిక పదార్థం) పూత వేయడం ఇంకా పోలేదు. చీకట్లో వెలగట్లేదు కదా అని ధీమా వద్దు. వెలుగిచ్చే రసాయనం పాడైపోతుంది గానీ రేడియం సగం తగ్గడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్‌తో చూడకుండా ఏ మీటరు అద్దమూ తెరవకండి. ఆ రేడియం పూత పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఫ్లైట్ ఇంజనీర్ ప్యానెల్ వెనకవైపు ఫొటోలు పెట్టండి, కనెక్టర్లు చూసి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.